బాయిలర్‌కు పెట్టిన బొట్టు

మా హాస్టల్ వంటింటికి గ్యాస్ బాయిలర్ వచ్చిన కొత్తలో నా అంత పొగరుబోతు నర్మెట్ట చుట్టుపక్కల ఇంకొకరు ఉండేవారు కాదు. ఈ మాట ఇప్పుడు నేనే ఒప్పుకుంటున్నాను గానీ, అప్పుడు ఎవరైనా అని ఉంటే వాళ్లకు ఆ పూట కూరలో ముక్కలు తక్కువ పడేవి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. ఆ ముక్కుతోనే రోజూ పొద్దున బాయిలర్ గదిలో నేల దాకా వంగి గ్యాస్ వాసన చూడటం నా ఉద్యోగంలో మొదటి పని అయింది.

మాది ఆడపిల్లల గురుకులం. నర్మెట్టకూ తరిగొప్పులకూ మధ్యన ఎక్కడో అనుకోండి, సరిగ్గా ఎక్కడో చెప్పను. మూడు వందలకు పైగా పిల్లలు. వంట చేసేది ముగ్గురం. అవ్వ, నేను, మా ఇద్దరికంటే చిన్నదైన ఇంకో వంటామె. అవ్వ నాకు చుట్టం కాదు. వయసును బట్టి పిల్లల నుంచి ప్రిన్సిపాల్ మేడం దాకా అందరూ ఆమెను అవ్వా అనే పిలుస్తారు. హాస్టల్ పెట్టిన నాటి నుంచీ కట్టెల పొయ్యి మీద అన్నం వండింది ఆమే. పెద్ద గంజులో బియ్యానికి ఎసరు ఎంత పెట్టాలో, పప్పు ఎప్పుడు దించాలో నాకు నేర్పింది కూడా ఆమే. అయితే ఆమె పనికి కాగితం లేదు. రమ్మన్నన్ని రోజులు వస్తుంది, వద్దంటే ఇంటికి పోవాలి. ఇల్లంటే బిడ్డ ఇల్లు. అల్లుడు మంచివాడే గానీ, వాళ్లింట్లో కూర్చుని తినడం అవ్వకు గిట్టదు. "నేను వండుకొచ్చిన కూర గిన్నెల తెచ్చిస్తే అల్లుడు నన్ను అత్తా అంటడు. ఉత్తచేతులతో కూసుంటె ముసల్ది అంటడు" అని నాతో చాలాసార్లు అంది.

ఆవిరితో అన్నం, పప్పు ఉడికించే ఆ బాయిలర్ వస్తుందని తెలిసినప్పుడు ముగ్గురిలో ఒకరు మూడు రోజులు శిక్షణకు పోవాలన్నారు. చిన్నామెకు చంటిపిల్ల. అవ్వ "గీ వయసుల నాకు బడేంది" అని మూతి తిప్పింది. అట్లా నేను పోయాను. జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాను. మేం ఆ ఊరిని మానుకోట అంటాం. అక్కడ ఇంకో హాస్టల్లో అప్పటికే బాయిలర్ నడుస్తోంది. మాకు నేర్పిన మెకానిక్ సార్ సొంతూరు భూపాలపల్లి. బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల ఇంట్లో పుట్టినవాడు కాబట్టి నిప్పుతో వేళాకోళం ఆయనకు నచ్చదు. మొదటి రోజే మమ్మల్నందరినీ నిలబెట్టి ఒక మాట చెప్పాడు.

"అక్కా, మంటకు మన మీద పగ లేదు, పావురం లేదు. దానికో వరుస ఉంటది. వరుస తప్పినమంటె మంట తప్పు లేదు, మనమే ఉండం."

పావురమంటే మా దిక్కు ప్రేమ. ఆ వరుస నాకు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా వస్తుంది. గది తలుపులు, కిటికీలు ముందే బార్లా తెరవాలి. గ్యాస్ గాలికంటే బరువు కనుక కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. అందుకని నిలబడి వాసన చూస్తే లాభం లేదు, వంగి చూడాలి. వాసన వచ్చిందంటే స్విచ్చు జోలికి పోకూడదు, వేసేదీ లేదు, తీసేదీ లేదు. బయట సిలిండర్ల దగ్గర గ్యాస్ కట్టేసి అందరినీ దూరంగా పంపాలి. వాసన లేకపోతే గాజు గొట్టంలో నీళ్లు గీత దాకా ఉన్నాయో లేదో చూడాలి. నీళ్లు లేని బాయిలర్‌ను వెలిగించడమంటే ఖాళీ గిన్నెను పొయ్యి మీద పెట్టి మరిచిపోవడమే, కాకపోతే ఈ గిన్నె పగిలితే గోడలు కూడా మిగలవు. ఆ తర్వాతే గ్యాస్ వాల్వును మెల్లగా తిప్పి, బటన్ నొక్కాలి.

బటన్ నొక్కగానే మంట వస్తుందని అనుకునేవాళ్లు కట్టెల పొయ్యి మనుషులు. నేనూ అట్లాగే అనుకున్నాను. ముందు ఫ్యాన్ తిరుగుతుంది. లోపల ఎక్కడైనా పాత గ్యాస్ మిగిలి ఉంటే దాన్నంతా పొగగొట్టంలోంచి బయటికి నెడుతుంది. అంతసేపూ మనం చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ తర్వాత టిక్ టిక్ మని నిప్పురవ్వ, ఆ వెంటనే బుస్సుమని మంట. గుండ్రటి గాజు కిటికీలోంచి చూస్తే నీలంగా కనబడాలి. ఒకవేళ మంట అంటుకోకపోతే బర్నర్ తనంతట తానే గ్యాస్‌ను కట్టేసి ఎర్రలైటు వేస్తుంది. అప్పుడు కాసేపు ఆగి రీసెట్ బటన్ నొక్కాలి. రెండోసారి కూడా ఎర్రలైటు వచ్చిందంటే మూడోసారి ముట్టకూడదు.

"మూడోసారి నొక్కేటోళ్లకు నేను ఫొటో ఫ్రేము కొనిస్త" అనేవాడు సార్.

మానుకోట నుంచి తిరిగి వచ్చాక మేడం నా చేతికి బాయిలర్ గది తాళంచెవి ఇచ్చింది. అంతే, ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. తాళంచెవిని కొంగుకు ముడేసుకున్నాను. గది గడప ముందు సుద్దముక్కతో గీత గీసి, గీత దాటితే ఊరుకోనని చెప్పాను. చిన్నామె నవ్వి ఊరుకుంది. అవ్వ మాత్రం రోజూ ఆ దారిన పోతూ కాలి బొటనవేలు ఒక్కటి గీతకు అవతల పెట్టి, నా మొహం చూసి, మళ్లీ వెనక్కి తీసుకునేది. నాకు ఒళ్లు మండేది. అవ్వకు కావలసిందీ అదే.

అట్లా ఆటగా నడుస్తున్నది కాస్తా మొదటి శుక్రవారం నాడు చెడింది. నేను కూరగాయల లెక్క చూసుకుని వంటింటి వెనక్కి పోయేసరికి, సిలిండర్ల వరుస పక్కన అవ్వ నిలబడి కళ్లు మూసుకుని దండం పెడుతోంది. ఆమె ముందు ఒక అరటిపండు. ఆ అరటిపండుకు గుచ్చిన నాలుగు ఊదుబత్తీలు చక్కగా పొగలు చిమ్ముతున్నాయి. కొత్త పొయ్యి వచ్చింది, దానికి శుక్రవారం పూజ చేయకపోతే ఎట్లా అనుకుంది పాపం. నాకు కనబడింది మాత్రం గ్యాస్ పక్కన నిప్పు. గట్టిగా అరిచి, అరటిపండును ఊదుబత్తీలతో సహా ఎత్తి నీళ్ల తొట్టిలో పడేశాను. నా అరుపుకు మేడం ఆఫీసు గదిలోంచి వచ్చింది.

మేడం చెడ్డమనిషి కాదు. కానీ మూడు వందల మంది ఆడపిల్లల్ని ఇంకొకరి ఇళ్ల నుంచి తెచ్చుకుని కాపాడే మనిషికి ఉండాల్సిన భయం ఆమెకు నిండుగా ఉంది. జరిగింది విని ఆమె మొహం పాలిపోయింది.

"అవ్వా, నీ పెద్దరికానికి దండం పెడుతున్న. ఇంకొక్కసారి ఆ బాయిలర్ జోలికి వచ్చినవని నాకు తెలిస్తే, తెల్లారి నుంచి నువ్వు రావద్దు. ఇది ఆఖరి మాట" అంది.

అవ్వ తలూపింది. మేడం పోయాక నా వైపు తిరిగి, "నీ దేవుడు గూడ గ్యాసుకు భయపడతడాయె" అని ఒక్క మాట అని, పది రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పది రోజులూ నా కంచంలోకి అన్నం మాత్రం ఆమే పెట్టింది.

దసరా సెలవులు వచ్చాయి. పిల్లలంతా ఇళ్లకు పోయారు. చిన్నామె గూడూరు పక్కన తల్లిగారింటికి పోయింది. ఆమెది చర్చికి పోయే కుటుంబం, బొట్లూ పూజలూ ఆమెకు లేవు. పండుగ నాడు వంటింట్లో కత్తులకూ గంజులకూ బొట్లు పెట్టుకోండి గానీ బాయిలర్ గది దగ్గర దీపం, ఊదుబత్తి, కొబ్బరికాయ ఏదీ వద్దని మేడం గట్టిగా చెప్పింది. సరేనని పండుగ పొద్దున అవ్వా, నేనూ పసుపు కుంకుమలు పట్టుకుని వచ్చాం. అవ్వ వంటిల్లంతా కలియదిరిగింది. గంజులు, తెడ్లు, గరిటెలు, కత్తిపీటలు, పిండి రుబ్బే గ్రైండరు, చివరికి పెరట్లో ఎవరూ వెలిగించని పాత కట్టెల పొయ్యికి కూడా వరుసగా బొట్లు పెట్టుకుంటూ పోయింది. నేను తాళం తీసి బాయిలర్ గదిలోకి పోయాను. అవ్వ గీత దగ్గర ఆగి, ఈసారి బొటనవేలు కూడా పెట్టకుండా పక్కకు తప్పుకుంది. ఆఖరి మాట అన్నాక ఆమె ఒక్కసారి కూడా ఆ గీత దాటలేదు.

నేనెంత జాగ్రత్తపరురాలినో చూడండి. బయట గ్యాస్ కట్టే ఉంది, కరెంటు తీసే ఉంది. దీపం లేదు, అగ్గిపెట్టె లేదు. పొడిబట్టతో బాయిలర్‌ను పైనుంచి కింది దాకా తుడిచాను. బర్నర్ పక్కన బొటనవేలంత నల్లటి పరికరం ఒకటి గుచ్చి ఉంటుంది, లాగితే ఊడి వస్తుంది. దాని కొసన చిన్న గాజు. లోపల మంట అంటుకుందా లేదా అని చూసేది అదే. మెకానిక్ సార్ దాన్ని కన్ను అనేవాడు, వారానికోసారి తీసి తుడవమన్నాడు. తీశాను. తుడిచాను. తళతళలాడింది.

అప్పటికి బాయిలర్ ఒంటికి పెద్ద బొట్టు పెట్టాను, ఫ్యాన్‌కు పెట్టాను, నీళ్ల పంపుకు పెట్టాను, వాల్వులకు ఒక్కోదానికీ పెట్టాను. ఇది ఒక్కటే చేతిలో మిగిలింది. అందరికంటే ఎక్కువ కష్టపడేది ఇదే కదా, రోజంతా మంటను రెప్ప వేయకుండా చూసేది ఇదే కదా, నలుగురు పిల్లలకు పెట్టి ఐదో పిల్లను వదిలేస్తే ఎట్లా ఉంటుంది అనిపించింది. తడి పసుపు వేలికి తీసుకుని ఆ గాజు మీద చక్కగా అద్దాను. పసుపు మీద కుంకుమ. కందిగింజంత బొట్టు, ఎంత ముద్దుగా కుదిరిందో చెప్పలేను. మళ్లీ ఉన్నచోట గుచ్చి, దండం పెట్టి, తాళం వేసి వచ్చేశాను. మనిషికైతే నుదుటికి పెట్టేదాన్ని, కంట్లో పెడితే ఏమవుతుందన్న ఆలోచన నా బుర్రకు రానే రాలేదు.

సెలవులు అయిపోయాయి. పిల్లలు పొద్దుటి నుంచే పెట్టెలతో, సంచులతో, ఇంటి పచ్చళ్ల సీసాలతో దిగడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి అందరికీ అన్నం పెట్టాలి. నేను కొంగు బిగించి బాయిలర్ గది తెరిచాను. కిటికీలు తెరిచాను, వంగి వాసన చూశాను, నీళ్లు చూశాను, గ్యాస్ తిప్పాను. బటన్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది. టిక్ టిక్ మంది. బుస్సుమని మంట వచ్చింది. గాజులోంచి చూస్తే నీలంగా, నిండుగా, కళకళలాడుతూ కనబడింది. హమ్మయ్య అనుకునేలోపే ఠప్పున ఆరిపోయి ఎర్రలైటు వెలిగింది.

కాసేపు ఆగి మళ్లీ నొక్కాను. మళ్లీ ఫ్యాన్, మళ్లీ టిక్ టిక్, మళ్లీ నీలం మంట, మళ్లీ ఎర్రలైటు.

నేను ఆ బాయిలర్‌తో నిజంగానే కొట్లాట పెట్టుకున్నాను. "మంట నాకు కనబడుతున్నది గద, నీకెందుకు కనబడ్తలేదు" అని అడిగాను. నా ప్రశ్నలోనే జవాబు ఉందని అప్పుడు నాకు తెలియదు. వేలు రీసెట్ బటన్ దాకా మూడోసారి పోయింది. ఇంతలో మేడం వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మంట వస్తున్నది గద. ఇంకొక్కసారి నొక్కి చూడు. పిల్లలకు ఆకలైతది" అంది.

"నొక్కను మేడం. రెండుసార్లే. మూడోసారి రూల్ లేదు."

ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత గర్వం ఉందో నాకే వినబడింది. గ్యాస్ కట్టేసి, కరెంటు తీసేసి, బయటికి వచ్చి మెకానిక్ సార్‌కు ఫోన్ చేశాను. ఆయన భూపాలపల్లిలో ఉన్నాడు. అంతా విని ఒకటే అడిగాడు.

"అక్కా, కన్ను తీసి తుడిచినవా?"

"తుడిచిన సార్. దసరా నాడే అద్దంలెక్క తుడిచిన." ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"మరింక దేన్నీ ముట్టకు. నేనే వస్త" అన్నాడు.

ఆయన వచ్చేసరికి ఎంత లేదన్నా మధ్యాహ్నం దాటుతుంది. మేడం దిగులుగా గడియారం చూసుకుంటోంది. అప్పటిదాకా బియ్యం కడుగుతున్న అవ్వ, చేతులు తుడుచుకుని పెరట్లోకి పోయింది. పాత కట్టెల పొయ్యి మీది బొట్టుకు దండం పెట్టింది. చెట్ల కింద పడి ఉన్న ఎండు కొమ్మలు, విరిగిన బెంచీ కాళ్లు పోగు చేసి, గుప్పెడు ఎండాకు వేసి అంటించింది. మేం చూస్తుండగానే పెద్ద గంజు పొయ్యి ఎక్కింది.

ఆ పూట నేను అవ్వ చేతి కింద కూలిదాన్ని. ఉల్లిగడ్డ కోయమంటే కోశాను, కట్టె ఎగదొయ్యమంటే ఎగదోశాను. పొగకు కళ్లమ్మట నీళ్లు కారుతుంటే అవ్వ తీరిగ్గా పప్పు కలుపుతూ, "నా పొయ్యికి ఎర్రలైటు లేదు, పచ్చలైటు లేదు. ఊదితె మండుతది, నీళ్లు పోస్తె ఆరుతది. నీ లెక్క మానుకోట పోయి సదువుకోలే అది" అంది. జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే లోపలికి పొగ పోయింది. పిల్లలకు మాత్రం పండుగ మళ్లీ వచ్చినట్టయింది. పప్పులో పొగ వాసన కమ్మగా ఉందని రెండోసారి, మూడోసారి పెట్టించుకున్నారు. అవ్వ మూడోసారి వడ్డిస్తూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు కడుపు మంట.

భోజనాలు అయ్యాక మెకానిక్ సార్ వచ్చాడు. బండి దిగి నీళ్లు కూడా తాగకుండా లోపలికి పోయాడు. నేను, మేడం, అవ్వ గీత ఇవతల నిలబడ్డాం. ఆయన గ్యాస్ కట్టి ఉందో లేదో చూసి, కరెంటు చూసి, నేరుగా ఆ నల్లటి పరికరాన్ని లాగాడు. లాగి వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వడం మొదలుపెట్టాడు. తెల్లబట్ట మీద పెట్టి మాకు చూపించాడు. కందిగింజంత బొట్టు అట్లాగే ఉంది, ఎండి గట్టిపడి, గాజు మొత్తాన్ని కప్పేసింది.

"మంట వస్తుంది మేడం. గని దీనికి కనబడ్తలేదు. కనబడకపోతే గ్యాస్ బంద్ చేసుడే దీని పని. పాపం దీని పని ఇది సక్కగనే చేసింది. ఇరవై రకాల రిపేర్లు చూసిన, గిట్లాంటిది చూళ్లే" అన్నాడు.

మేడం నవ్వలేదు. ఆమె కళ్లు నా మీదికి రానే రాలేదు. రూల్ రూల్ అని పొద్దున ఆమెకే ఎదురు చెప్పినదాన్ని, నా మీదికి ఎందుకొస్తాయి. చిన్నామె బొట్టు పెట్టదు. ఇక మిగిలింది ఊదుబత్తీల మనిషే.

"అవ్వా, ఇది నువ్వు చేసిన పనేనా?" అంది మేడం.

అవ్వ ఆ బొట్టు వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్లీ మేడం వైపు చూసింది.

"ఆ దినం అన్నిటికి పెట్టుకుంట పోయిన మేడం. దానికి గూడ పెట్టిన కావచ్చు" అంది.

"నీకు చెప్పిన. ఆఖరి మాటని చెప్పిన. గింతమంది పిల్లలున్నరు. రేపటి నుంచి రావద్దు అవ్వా."

ఇక్కడ నేను ఏం చేశానో దాచుకోను. ఊరుకున్నాను. నోరు లేక కాదు, నా నోరు ఎంత పెద్దదో అందరికీ తెలుసు. కొంగుకు ఉన్న తాళంచెవి గుర్తొచ్చింది. ఈ సంగతి ఈయన ఇప్పుడు మానుకోటలో, భూపాలపల్లిలో ప్రతి హాస్టల్ వంటింట్లో చెప్తాడు, నా పేరుతో సహా చెప్తాడు అనిపించింది. ఎంతైనా అవ్వ పెద్దది, నాలుగు రోజులైతే మేడం కోపం చల్లారుతుంది, నేనే బతిమాలి మళ్లీ పిలిపిస్తాను అని నాకు నేనే చెప్పుకున్నాను. అట్లాంటి మాటలు మనకు మనం ఎంత తొందరగా చెప్పుకుంటామో ఆ రోజే తెలిసింది.

అవ్వ ఎవరినీ ఏమీ అడగలేదు. వంటింట్లోకి పోయి మేకుకు తగిలించిన తన బట్టసంచి తీసింది. పొద్దున తెచ్చుకున్న తమలపాకులు, వక్కల డబ్బా అందులో వేసుకుంది. సంచి భుజానికి తగిలించుకుని, నా దగ్గరికి వచ్చి, చేతిలో ఉన్న పెద్ద తెడ్డు నాకు అందించింది.

"మాపటికి అన్నం మాడనియ్యకు. అడుగున మంట జర తగ్గించు" అంది.

ఆ తెడ్డు పట్టుకోగానే నా లోపల ఏదో తెగింది. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపం ఎవరి మీదో కాదు, నా మీదే.

"మేడం, ఆ రూము తాళంచెవి నా కాడనే ఉంటది. దసరా నాడు అవ్వ గీత దాటనే లేదు. దాన్ని తుడిచింది నేను, బొట్టు పెట్టింది నేను. అవ్వను పంపుతె నన్ను గూడ పంపాలె" అన్నాను. తాళంచెవి ముడి విప్పబోతే రాలేదు. ఎన్ని నెలలుగానో గర్వంగా బిగించుకున్న ముడి. చివరికి పళ్లతో లాగి విప్పి మేడం చేతిలో పెట్టాను.

మేడం పక్కనున్న బియ్యం బస్తా మీద కూర్చుంది. చాలాసేపు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"పొద్దున నాకు రూల్ నేర్పింది నువ్వేనా?" అంది.

మెకానిక్ సారే గొంతు సవరించుకున్నాడు.

"మేడం, బొట్టు పెట్టుడు తప్పే. గని మీరు చెప్పినా మూడోసారి నొక్కలే ఈ అక్క. గది మామూలు సంగతి కాదు. మస్తుమంది నొక్కుతరు" అన్నాడు.

మేడం తీర్పు చెప్పింది. ఒక్కరి చేతిలో తాళంచెవి ఉంటే ఒక్కరి తప్పు ఎవరికీ కనబడదు, కాబట్టి ఇక నుంచి ఇద్దరు ఉంటేనే బాయిలర్ వెలగాలి. అవ్వ రేపటి నుంచి కాదు, ఇప్పటి నుంచే నేర్చుకోవాలి. అవ్వ సంచి దించలేదు. "గీ వయసుల..." అని మొదలుపెట్టింది గానీ, మేడం చూపు చూసి ఆ మాట మింగింది.

సార్ ఆ గాజును శుభ్రంగా తుడిచి గుచ్చాడు. అవ్వను లోపలికి రమ్మన్నాడు. సంచి భుజాన ఉండగానే అవ్వ గీత దాటింది. వరుస అంతా ఆయన చెప్తుంటే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నేల వాసన చూసింది, నీళ్ల గొట్టం చూసింది. ఫ్యాన్ తిరిగినంతసేపూ నోరు మూసుకుని నిలబడటం ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. బుస్సుమనగానే ఉలిక్కిపడి, తర్వాత గుండ్రటి గాజులోకి తొంగిచూసింది. మంట ఆరలేదు. ఎర్రలైటు రాలేదు. అవ్వ అట్లాగే చూస్తూ ఉండిపోయింది. "పొగ లేదు గద" అని తనలో తాను అనుకుంది. అప్పుడు సంచి దించి నాకిచ్చింది.

సాయంత్రం ఎండ ఉండగానే ఇద్దరం పెరట్లో కూర్చుని పెద్ద గంజు తోముతున్నాం. కట్టెల మసి గట్టిగా పట్టింది. నాకు ఒక సంగతి తొలుస్తూనే ఉంది.

"అవ్వా, నువ్వు లోపలికే రాలేదు. పెట్టిన కావచ్చు అని ఎందుకన్నవ్?"

అవ్వ మసి గీకుతూనే అంది.

"పండుగ నాడు నువ్వు బయటికి వచ్చినప్పుడు నీ వేలుకు పసుపు చూసిన. లోపల పెట్టింది ఎవలో నాకెరుక కాదా?"

"మరి మేడంకు చెప్పొద్దా?"

"నువ్వు చెప్తవా, చెప్పవా అని చూసిన."

నేనే అడిగాను. "చెప్పకపోతే?"

"పోయేదాన్ని. అల్లుడింట్ల మూలకు కూసునేదాన్ని. గని నువ్వు సచ్చినా బతికినా నీ మొఖం చూసేదాన్ని కాదు." గంజును నా వైపు తిప్పి, తోమని చోటు వేలితో చూపించింది. "చెప్పినవు తియ్యి. జర ఆలస్యం చేసినవ్."

ఆమె నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ ఆ ఆలస్యం ఎంతో నాకు తెలుసు. ఆమె మేకు మీది సంచి తీసి, వక్కల డబ్బా అందులో వేసుకుని, భుజానికి తగిలించుకుని, నా దాకా నడిచి వచ్చేంత ఆలస్యం.